శాలువా లోపలి చేతులు

కాశీబుగ్గ బజారుకి వెళ్లినప్పుడల్లా, ఏ సందులోంచో కాలుతున్న జీడిపిక్కల ఘాటు ముక్కుకి తగిలిందంటే చాలు, అక్కడ నిలబడలేక గబగబా నడిచేస్తాను. ఊరందరికీ అలవాటైన వాసనే, నాకు మాత్రం ఇప్పటికీ బెంగ.

మా అమ్మ పలాసలో పిక్కలు కొట్టేది. రేకుల షెడ్డు కింద ఆడవాళ్లంతా బారుగా కూర్చుని, ఎడమచేత్తో కాల్చిన పిక్క పట్టుకుని, కుడిచేతి కర్రతో టక్కున కొట్టి పప్పు తీస్తుంటే, ఆ దెబ్బలకి సరిపడేలా అమ్మ గౌరమ్మ పాట ఎత్తుకునేది, తక్కినవాళ్లు అందుకునేవారు. వేసవి సెలవుల్లో ఆ చెమట, బూడిద, పొగల మధ్య మామిడికాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకు తింటూ, గచ్చకాయలాడుకుంటూ నేను వినేదాన్ని. మా వీధి ఆడపిల్లలందరికీ ఆ పాటలు నేర్పింది అమ్మే. గౌరమ్మ సంబరంలో ఆమె చప్పట్లు పడందే ఎవరూ గొంతెత్తేవారు కాదు.

ఆ చేతులు మాత్రం జీడి రసం పట్టి మాడిన పెనంలా ఉండేవి. కొబ్బరినూనె రాసినా, చింతపండుతో తోమినా ఆ నలుపు పోయేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, ఉగాదికి అమ్మ పాటలకి సన్మానం చేస్తామని ఊరి పెద్దలు కబురు పంపారు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు. సంతోషంతో అనుకునేరు, సిగ్గుతో. మా టీచర్లంతా వస్తారు, ఆ చేతులెత్తి దండం పెడితే నా పరువేం కావాలని ఒకటే గుబులు. వేదిక ఎక్కబోతుంటే కొంగు లాగి చెవిలో చెప్పాను.

"అమ్మా, శాలువా కప్పగానే సేతులు లోపల దాసీసుకో. బయటికి తియ్యకు."

నా ముఖంలోకి ఒక్కసారి చూసి, సరేనంది.

మాట తప్పలేదు మహాతల్లి. జ్ఞాపిక కూడా పక్కనున్నావిడే అందుకుంది. అంతలో ఎవరో ఒక పాట పాడమన్నారు. అమ్మ మొదలుపెట్టింది, రెండో మాట దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. శాలువా లోపల చేతులు బిగుసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. తియ్యమ్మా, చేతులు బయటికి తియ్యమ్మా అని అరుద్దామనుకుని, టీచర్ల వైపు చూసి తల దించేసుకున్నాను. ముందు వరసలో ఎవరో నవ్వారు. పాపం మర్చిపోయినట్టుందని మైకులో చెప్పి, ఆమెను కూర్చోబెట్టేశారు.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే నాకు కంచం పెట్టింది. అన్నం వడ్డిస్తూ మాత్రం, తనలో తను అనుకున్నట్టు, "సేతులాడకపోతే పాట ఎలగొత్తాదే" అంది. ఆ తరవాత షెడ్డులో కూడా ఆమె పాడగా నేను వినలేదు.

ఇప్పుడు పిక్కలు మిషన్లు కోస్తున్నాయి. అమ్మ లేదు, ఆమెతో గొంతు కలిపినవాళ్లూ లేరు, ఆ పాటలు నాకు ఒక్కొక్కటీ రెండు ముక్కలకి మించి రావు. మొన్న సన్మాన సంఘం వాళ్లు ఇంటికొచ్చి, ఈ ఉగాదికి అమ్మ పేరు మీద నన్ను సత్కరిస్తామన్నారు. అందులో ఒక పెద్దాయన, "మీ యమ్మ ఆ రోజు పాట మర్సిపోనాది గానీ, గొప్ప మనిసమ్మా" అన్నాడు. మర్చిపోలేదండీ, నేనే ఆపాను అని అప్పుడైనా చెప్పాల్సింది. తలూపి, టీ ఇచ్చి పంపించాను.