సాయంత్రం డౌట్ల గంట

చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఓ కోచింగ్ సెంటర్లో నేను ఫిజిక్స్ చెబుతాను. అందరూ మెడికల్ ఎంట్రన్స్ పిల్లలే. పాఠం చెప్పడం ఇష్టమే గానీ, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా జరిగే డౌట్ల గంట అంటే నాకు ఒళ్ళుమంట. కింద వరండాలో ఒక టేబులు, దాని వెనక నేను, ముందు నోటుబుక్కులు పట్టుకుని లైను. డౌటు తీర్చాక ఆ పేజీ మీద టిక్కు పెట్టి సంతకం చేయాలి. మా హాస్టలు వెనక వీధిలోనే. క్లాసులకు వార్డెనమ్మే వెంట తీసుకొచ్చి తీసుకెళ్తుంది, ఆడపిల్లలకు విడిగా గేటు తీసేది రోజు మొత్తంలో ఆ గంటకే. తిరిగి వెళ్ళేటప్పుడు వార్డెనమ్మ నా టిక్కు చూసి లోపలికి రానిస్తుంది.

నల్గొండ దగ్గర ఓ పల్లె నుంచి వచ్చిన అమ్మాయి రోజూ లైన్లో అందరికంటే ముందుండేది. ఆమె డౌట్లు వింటే నాకు తల బొప్పి కట్టేది. "సార్, బరువుకు ద్రవ్యరాశికి తేడా ఏంది?" అని ఒకరోజు. "వేగానికి దిశ ఉంటదా సార్?" అని మర్నాడు. పదో తరగతి పిల్లలు కూడా అడగరు అలాంటివి. రెండు నిమిషాల్లో చెప్పి టిక్కు పెట్టేవాణ్ణి. "థ్యాంక్యూ సార్" అని నోటుబుక్కు లాక్కున్నంత పని చేసి పరుగున వెళ్ళిపోయేది. ఈ పిల్లకు డాక్టరు సీటొస్తే సగం మీసం తీయించుకుంటానని ఇంట్లో మా ఆవిడతో అన్నాను కూడా. ఆవిడ నా మీసాల వైపు ఓసారి చూసింది.

పోయినేడాది మా సెంటరు వాళ్ళు డౌట్లు తీర్చే కృత్రిమ మేధ తెస్తామన్నారు. పిల్లలకు తలా ఒక ట్యాబు, అందులో అదొక్కటే పనిచేస్తుంది. దీనిమీద మా అభిప్రాయం అడగడానికి మీటింగు పెట్టారు. కెమిస్ట్రీ ఆయనా బోటనీ మేడమూ నసిగారు. నేను నసగలేదు. క్లాసులో ఆ అమ్మాయి నోటుబుక్కు అడిగి తెచ్చి, డౌట్లు ఒక్కొక్కటే పైకి చదివాను. అందరూ పడీ పడీ నవ్వారు. "వీటికి కూడా మనిషెందుకండీ? మెషీన్ చెప్పదా?" అన్నాను. ఇన్‌చార్జి గారు నోట్ చేసుకున్నారు. తర్వాతి సోమవారం నుంచి డౌట్ల గంట ఎత్తేశారు.

నిజం చెప్పాలంటే ఆ మెషీన్ మంచిదే. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. నాలాగా కళ్ళజోడు పైనుంచి గుడ్లురిమి చూడదు. నేను ఆరింటికల్లా మన్సూరాబాద్‌లో ఇంటికి చేరి, టీ తాగి, కాలనీలో నాలుగు చుట్లు తిరిగొచ్చేవాణ్ణి. ఇంకొన్నాళ్ళకు బ్యాంకులోనూ దవాఖానలోనూ కూడా ఇలాగే అన్నీ మెషీన్లే చూసుకుంటాయని వాకింగ్ మిత్రులకు ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. బాగా తెలిసినవాడిలాగే మాట్లాడేవాణ్ణి.

నెలరోజులు గడిచాక ఓ మధ్యాహ్నం, ఖాకీ చొక్కా వేసుకున్న మనిషొకాయన స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఆ అమ్మాయి తండ్రి. బస్సు డ్రైవరు.

"సార్, జర ఒక మాట. సాయంత్రం ఊరి దిక్కు పోయేటప్పుడు నా బస్సు ఎల్బీనగర్ల పది నిమిషాలు ఆగుతది. మీతోని డౌటు చెప్పించుకొని బిడ్డ మెట్రోల ఒచ్చి కలిసేది. రెండు మాటలు మాట్లాడుకునేటోళ్ళం. గంతే సార్."

"ఆదివారం హాస్టల్‌కు రావచ్చు కదండీ?"

"ఆదివారం నాకు డ్యూటీ సార్. నాకు సెలవున్న రోజు వాళ్ళు కలవనియ్యరు. ఇప్పుడు డౌట్లు మిషినే చెప్తదట, గేటు తీస్తలేరట. బిడ్డ మొకం చూసి నెల దాటింది. రోజుకు ఒక్క డౌటు మీరే చెప్పుండ్రి సార్. చిన్నదే."

ఆ పిల్ల తెలియక అడిగిన డౌట్లు కావవి. తొందరగా తెమిలిపోవాలని, ఏరి ఏరి తెచ్చుకున్నవి. రెండు నిమిషాల్లో టిక్కు పడితే, ఎల్బీనగర్ వెళ్ళి నాన్నను చూసి ఆరున్నరకు గేటు దగ్గరికి రావచ్చు. వాటినే నేను నలుగురిలో చదివి నవ్వించాను. చూస్తానండీ అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళాడు. ఆ దండానికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇన్‌చార్జి గది దాకా రెండుసార్లు వెళ్ళాను. ఉన్న విషయం చెబితే పిల్ల ఇన్నాళ్ళూ బయట తిరిగిందని హాస్టల్ నుంచి పంపేస్తారు. అందుకే చెప్పలేదని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ అసలు సంగతి చెప్పకుండానే అడగొచ్చు. ఆ గంట నాకు మళ్ళీ ఇవ్వండి, డౌట్లు నేనే చెబుతానంటే సరిపోయేది. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. వచ్చింది. మెషీనే మేలని మీటింగులో అన్న నోటితో మాట మార్చాలంటే నామోషీ అనిపించింది. పైగా సాయంత్రాలు ఇంట్లో ఉండటం అలవాటైపోయింది. రెండోసారి కూడా తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆ అమ్మాయి ఇప్పుడు మెషీన్‌ను అడిగే డౌట్లు చూస్తే నేను కూడా పుస్తకం తిరగేయాల్సిందే. పరీక్షల్లో మొదటి ఐదుగురిలో వస్తోంది. ఇదంతా మెషీన్ ఘనతేనని సెంటరు వాళ్ళు ఆమె ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయిస్తామన్నారు. తండ్రిని ఫోన్లో అడిగితే సరేనన్నాడట. ఫొటో తీసే రోజున నన్ను దగ్గరుండి చూసుకోమన్నారు.

తెల్ల గోడ ముందు, ట్యాబు చేతిలో పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. నన్ను చూసి అడిగింది.

"సార్, గీ ఫొటో యాడ పెడ్తరు?"

"మన బిల్డింగ్ మీదేనమ్మా."

"మెయిన్ రోడ్డు దిక్కేనా? బస్సులకెల్లి కనపడతదా?"

"కనపడుతుందమ్మా."

ట్యాబు పక్కన కుర్చీలో పెట్టేసింది. జడ ముందుకు వేసుకుంది, చున్నీ సరిచేసుకుంది. "అయితే ట్యాబు ఒద్దు సార్. మొకం పెద్దగ రావాలె. మా నాయన బస్సు రోజు గీ రోడ్డుకెల్లే పోతది" అంది.

ట్యాబు లేకుండా ఫొటో ఎందుకని ఫొటోగ్రాఫరు నా వైపు చూశాడు. నేను కుర్చీలోంచి ట్యాబు తీసి మళ్ళీ ఆమె చేతికిచ్చాను.