ఎదుటివాడి మాట ముందు

బాపట్లలో నేను పనిచేసే స్కూలుకి ఫోనొచ్చింది. తెనాలిలో మా మేడం పొద్దున్నే పోయారని చెప్పారు. సరేనండి అని ఫోను పెట్టేసి, తొమ్మిదో తరగతికి వెళ్ళి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. ఏడుపు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు.

ఆవిడ డిగ్రీలో మాకు వ్యాసం రాయడం నేర్పారు. ఆవు మీద, అమ్మ మీద రాసే వ్యాసాలు కాదు. జనం రెండుగా చీలిపోయి కొట్టుకునే విషయం తీసుకుని, ఒక పక్షాన నిలబడి, రుజువులతో ఒప్పించే వ్యాసం. దానికి ఆవిడ పద్ధతి ఒకటుండేది. ముందు ఎదుటి పక్షం వాదన రాయాలి. రాసి, ఆ పక్షం మనిషికే చదివి వినిపించాలి. అవును, నేననేది ఇదే అని అతను ఒప్పుకున్నాకే మన జవాబు మొదలుపెట్టాలి. బలం లేని వాదనని ఓడించడమంటే చచ్చిన పాముని చంపడమేనర్రా అనేవారు. సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే కళ్ళజోడు సవరించుకోవడంతో, పీరియడ్ అయ్యేసరికి ఆవిడ ముక్కు తెల్లబడిపోయేది. మేం నవ్వితే, ఎందుకో తెలియకుండానే ఆవిడా నవ్వేవారు.

తొంభైల మొదట్లో, నేను డిగ్రీలో ఉండగా, మా రేపల్లె వైపు వరి పొలాలు తవ్వి రొయ్యల చెరువులు వేశారు. మా నాన్నా వేశాడు. ఆ చెరువులోని ఉప్పునీళ్ళు నేలలోకి ఇంకి, పక్కనున్న బాబాయి చేలో పైరు మాడిపోయింది. నేను నాన్నతో మాట్లాడడం మానేశాను. ఆ కసితోనే వ్యాసం మొదలుపెట్టాను. బాపట్లలో జరిగే సెమినార్‌లో చదివి, రొయ్యల రైతులందరినీ తూర్పారబట్టాలని నా ఉద్దేశం.

మొదటి పేజీ చూసి, మీ నాన్నగారి వాదన ఏదమ్మా అన్నారు మేడం. ఆయనకి వాదన లేదండి, ఆశ ఉంది అన్నాను.

"వినకుండా పేరు పెట్టకు. ఇంటికెళ్ళి అడుగు" అన్నారు.

రేపల్లె బండెక్కాను. వరిని నమ్ముకుని తాత ఎలా చితికిపోయాడో, కాలవ చివరి భూములకి నీళ్ళెలా అందవో నాన్న చెబుతుంటే రాసుకున్నాను. చదివి వినిపిస్తే, ఇది కాదన్నాడు. మళ్ళీ రాశాను. చివరికి ఒక పూట అంతా విని తలూపాడు.

"ఇదేనమ్మా నేననేది. ఇక నీదేంటో చదువు" అన్నాడు.

చదివాను. ఆయన ఒప్పుకోలేదు. కానీ చాలా రోజుల తర్వాత ఆ పూట ఇద్దరం కలిసి అన్నం తిన్నాం.

తర్వాత రొయ్యలకి తెగులొచ్చి చెరువు పోయింది. నా మాటే నెగ్గిందండి అని మేడంతో అన్నాను. నెగ్గింది తెగులు, నువ్వు కాదు అన్నారావిడ. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగారు.

నేను తెనాలి చేరేసరికి మేడం వాకిట్లో నాన్న ఉన్నాడు. కబురు తెలియగానే బండెక్కి వచ్చేశాడట. బతికుండగా ఆవిడని ఒక్కసారీ చూసినవాడు కాదు. ఆవిడ మీకేమవుతారండి అని ఎవరో అడిగారు. నాన్న తడబడ్డాడు.

"మా అమ్మాయి చేత నా మాట కూడా రాయించారండి" అన్నాడు.

అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఆయన చెప్పులు విడిచి, భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని, మేడం దగ్గర చదువుకున్నవాళ్ళ వరసలో నా వెనక నిలబడ్డాడు.