గుల్షన్‌బీ చూపుడువేలు

కొండపల్లి బొమ్మలకు రంగులేసే గుల్షన్‌బీ ఎడమ చూపుడువేలు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటుంది. ఆ చేత్తో బొమ్మను తిప్పుకుంటూ, కుడిచేత్తో రాజుగారి మీసాలు దిద్దుతుంది మరి. ఓట్ల రోజు మాత్రం పొద్దున్నే కిరసనాయిలుతో వేలు తోముకుని, దాచుకున్న చీర కట్టుకుని, వరసలో అందరికంటే ముందు నిలబడుతుంది. తొంభైతొమ్మిది ఎన్నికలప్పుడు ఏనుగు అంబారీల ఆర్డరు నెత్తిమీద కూర్చోవడంతో, ఆ తోమడం కాస్తా మరిచిపోయింది. ఎక్కడినుంచో డ్యూటీకొచ్చిన పోలింగ్ ఆఫీసరు వేలు చూడగానే, "ఓసారి వేసేశారుగా, ఇక వెళ్ళండమ్మా" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. గుల్షన్‌బీకి ఒళ్ళు మండింది. "నేనెప్పుడేశానండీ? ఇది బొమ్మల రంగండీ! మీ సిరా అయితే కిరసనాయిలుకి పోతుందా? చూడండి" అంటూ, నడుముకెప్పుడూ దోపుకుని ఉండే కిరసనాయిలు గుడ్డ తీసి, వేలు ఎర్రబడేదాకా రుద్దింది. నలుపంతా గుడ్డకొచ్చేసింది. ఆఫీసరు నవ్వేసి, శుభ్రమైన ఆ వేలిమీద సిరా గీత పెట్టాడు.

ఆ గీత మీద రంగు పడకూడదని, వారంపాటు వేలు పైకెత్తి పట్టుకునే పనిచేసింది గుల్షన్‌బీ. పట్టు కుదరక బొమ్మ ఊగిపోయేది. ఆ వారం ఆమె చేతిలో తయారైన రాజులందరికీ వంకర మీసాలే.