ఎర్ర నూలు, తెల్ల నూలు

సోమవారం పొద్దున మా జువాలజీ మేడం పోయారు. ఎమ్మిగనూరు నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెబితే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ శుక్రవారం నన్ను హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోవలసింది ఆవిడే. మనిషి పోయిందంటే నా భయమే నాకు ముందయిందని మీరు అనుకోవచ్చు. మేడం అయితే నవ్వేవారు.

ఆదోనిలో ఇంటర్ చదివేటప్పుడు ఆవిడ మాకు క్షయకరణ విభజన, అంటే అమ్మానాన్నల క్రోమోజోములు సగమై బిడ్డకు చేరే తీరు, చెప్పారు. వాళ్ళది మగ్గాల ఇల్లు. సంచిలోంచి నూలు పోగులు తీసి, ఇవే క్రోమోజోములనుకోండి, అమ్మవి ఎర్రవి, నాన్నవి తెల్లవి అన్నారు. ఒక్కో పోగుకూ నకలు పెట్టి, ఎర్రదాన్నీ తెల్లదాన్నీ జతగా పడుకోబెట్టి, కొసలు కత్తిరించి అటుది ఇటు, ఇటుది అటు ముడేశారు. తర్వాత జతలు విడదీశారు, ఆపైన నకళ్ళనూ విడదీశారు. మిగిలిన నాలుగు కుప్పల్లో సగం సగం పోగులే ఉన్నాయి. ఏ రెండూ ఒకలాగా లేవు.

"అందుకే ఒక కడుపున పుట్టినోళ్ళు ఒక తీరుగా ఉండరు. ఎవరికి ఏ సగం పోతాదో మన చేతిలో లేదు," అన్నారు. క్లాసు అయ్యాక ఒక్క పోగు కూడా పారెయ్యకుండా వేలికి చుట్టుకుని పోయారు. మాకేమో అది పరీక్షలో వస్తుందా రాదా అన్నదే బెంగ.

తర్వాత మేనమామ కొడుకుతో నా పెళ్ళయింది. పాప పుట్టి ఏడాది నిండకముందే దానికి తలసేమియా అని తేలింది. మా ఇద్దరిలోనూ ఒక మంచి జన్యువు, ఒక చెడ్డది ఉన్నాయట. పాపకు రెండు వైపుల నుంచీ చెడ్డదే వచ్చింది. నెలనెలా కర్నూలు పోయి రక్తం ఎక్కిస్తాం. సూది కనిపిస్తే పాప నా కొంగులో దూరుతుంది.

మళ్ళీ నెల తప్పింది. "ఒగరికి వచ్చె గదా, ఇంగ రాదులే పాపా," అని నాతో అంది అత్త. ఉన్న చెడంతా పెద్దదానితోనే పోయిందని ఇంట్లో అందరి నమ్మకం. నాకూ నమ్మాలనే ఉండేది.

సంగతి తెలిసి మేడం ఇంటికి వచ్చారు. "పంపకం ప్రతిసారీ కొత్తగానే జరుగుతాదమ్మా. పోయినసారి ఏమిచ్చిందో దానికి గుర్తుండదు," అని అత్త ఎదుటే చెప్పారు. హైదరాబాదు పోయి కడుపులో బిడ్డకు పరీక్ష చేయించమన్నారు. అత్త మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. తెలుసుకోవాలంటేనే నాకు భయం, వద్దన్నాను.

"భయపడు, తప్పేముంది? భయపడుకుంటానే పోదాం. నేనొస్తా," అన్నారు మేడం.

అంత ధైర్యం చెప్పిన మనిషి గుండె నిద్రలోనే ఆగిపోయింది. చివరి చూపు చూసి వచ్చాక, ఇక ఆసుపత్రికి పోనని మా ఆయనతో చెప్పేశాను.

శుక్రవారం తెల్లవారకముందే అత్త నన్ను తట్టి లేపింది. అప్పటికే ఆమె స్నానం చేసి, సంచి సర్దుకుని ఉంది.

"లెయ్ పాపా, బస్సుకు టైమైతాంది."

"యాడికత్తా?"

"ఆసుపత్రికి. ఆయమ్మ పోయె గదా, నేనొస్తాండాను."

బస్సులో నా పక్కనే కూర్చుంది. మళ్ళీ రాదులే అన్న మాట ఈసారి ఆమె నోట రాలేదు. ఆదోని దాటినా నా చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో కొంగు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.