బూడిద గంప

1959లో, ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో దేవుడి తీర్పు ఒకటి నా ముందుకు విచారణకొచ్చింది. పొగాకు కొట్టును కాల్చింది దేవుడా, గొట్టమా తేల్చమని సంఘపెద్దలు బండి కట్టి నన్ను పిలిపించారు. చుట్టుపక్కల అంతటి పనిమంతుణ్ణి నేనొక్కణ్ణే.

నేను పొగాకు బేరన్‌లలో మంట చూసుకునే క్యూరర్‌ని. బేరన్ అంటే పచ్చి ఆకును ఆరబెట్టే ఎత్తయిన మట్టిగోడల కొట్టు. ఆకు గుచ్చిన కర్రలను లోపల అంతస్తులుగా వేలాడదీస్తాం. కింద నేలబారున ఇనుప గొట్టాలు పోతాయి, వాటినే ఫ్లూ అంటారు. బయట పొయ్యిలో మంట వేస్తే ఆ గొట్టాల వేడికి ఆకు పసుపుబారి, ఆరి, బంగారం రంగుకొస్తుంది. దాదాపు వారం పడుతుంది. ఎండిన ఆకు ఒక్కటి జారి గొట్టం మీద పడిందా, బేరన్ మొత్తం పోతుంది. నా చేతిలో ఒక్కటీ పోలేదు. సరే, రెండు పోయాయి.

ఏసోబు కౌలు రైతు. మొదటిసారి సొంతంగా బేరన్ కట్టుకున్నాడు. మొదటి కాపే మధ్యాహ్నం పూట మండిపోయింది. మనుషులకేమీ కాలేదు గానీ ఏడాది కష్టం గంటలో బూడిదైంది.

ఆ ఊరి చర్చికి సంఘపెద్ద అబ్రహాం గారు. నేను పనిచేసేది ఆయన బేరన్‌లలోనే. ఇది దేవుడి తీర్పేనని, ఏసోబు విశ్రాంతి దినమైన ఆదివారం చేలో ఆకు కొట్టించాడని ఆయన తేల్చేశారు. వచ్చే ఆదివారం కోతపండగ. పొలంలో పండినదానిలో కొంత తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం వాళ్ళ ఆచారం. ఏసోబు ముందు సంఘం ఎదుట పాపం ఒప్పుకోవాలి, అప్పటిదాకా ఆ ఇంటి కానుక లోపలికి రాకూడదన్నారు. ఆదివారం మన పొయ్యిలు కూడా మండుతున్నాయి కదండీ అన్నాను. మంట ఆపితే ఆకు పాడైపోద్ది, అది వేరు, ఇది వేరు అన్నారాయన. తేడా నాకు అర్థం కాలేదు. ముస్లింల ఇంట పుట్టినవాణ్ణి, మాకూ తీర్పు దినం ఉంది. అది మనుషులకంటే ముందు పొగాకు కొట్లకు వస్తుందని మాత్రం నేనెక్కడా వినలేదు.

బండి మాట అబద్ధం. నన్నెవరూ పిలవలేదు. కాలిన బేరన్ చూద్దామని నడిచి వెళ్ళాను.

ఏసోబు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను కర్రతో బూడిద కెలికాను. కర్ర జారి ఉండొచ్చు, గొట్టం అతుకు విడి ఉండొచ్చు, పొయ్యిలో బొగ్గు ఎక్కువై ఉండొచ్చు. అంతా కాలిపోయాక ఏది ముందో ఎవరు చెప్పగలరు?

"గొట్టమని చెప్పు మస్తానూ, నీకు పుణ్యముంటది," అన్నాడు.

అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. గొట్టమైతే వచ్చే ఏడు కూడా కాలుద్ది. దేవుడైతే ఒప్పుకుంటే అయిపోద్ది. కానీ ఏది ఒప్పుకోవాలిరా? ఆదివారం ఆకు పేటంతా కొట్టారు. నాది ఒక్కటే ఎందుకు కాలింది?"

నేను ఇంకో చోట కెలికాను. అతని భార్య రూతమ్మ పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

కోతపండగ నాడు జనం మిరపకాయల బుట్టలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు పట్టుకుని చర్చికొచ్చారు. ఏసోబు తల వంచుకుని వెనక నడుస్తుంటే, రూతమ్మ నెత్తిన గంపతో ముందొచ్చింది. గంపలో బేరన్ బూడిద. అబ్రహాం గారు నడవలో అడ్డం నిలిచారు.

అప్పుడు నేను లేచి, "అయ్యా, ఆ బూడిదంతా నేను కెలికి చూశాను. కారణం నాకే దొరకలేదు, మీకెలా దొరికింది?" అన్నాను. ఆయన తప్పుకున్నారు. పాస్టరు గారు గంప అందుకుని మిరపకాయల పక్కన పెట్టారు. రూతమ్మ మోకరించి పాట ఎత్తుకుంది. ఒకరొకరుగా జనం అందుకున్నారు, చివరికి ఏసోబు కూడా. తీర్పు ఏమిటో అర్థమైనవాళ్ళే అలా ఆరాధించగలరని ఆ రోజు నేర్చుకున్నాను.

ఏసోబు ఇప్పుడు లేడు. మొన్న ఇదంతా రాసి రూతమ్మకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, నేను మెచ్చుకోలు కోసం చూస్తుంటే అంది:

"నువ్వు లేచిందెక్కడ అన్నయ్యా? లోపలికే రాలేదు. బయట చెప్పుల దగ్గర నిలబడ్డావు, అబ్రహాం గారికి కనపడకుండా. ఆయన తప్పుకోనూ లేదు, నేనే పక్కనుంచి పోయాను. ఇంకా నాకేదో అర్థమైందని రాశావు. ఏమర్థమైంది నా మొహం? ఉత్త చేతులతో పోవడానికి సిగ్గేసి బూడిద తీసుకుపోయాను. భయమేసి పాడాను. కాల్చింది దేవుడో కాదో నాకు ఇప్పటికీ తెలవదు. ఆయన దగ్గరికి కాకపోతే ఇంకెవరి దగ్గరికి పోను? అది కొట్టేసి ఇది రాయి."