గీత తాకని బాణం

నేను విల్లు పట్టిన తొలి ఏడాది, సిడ్నీ శివార్లలోని యూకలిప్టస్ అడవిలో జరిగిన పోటీలో స్కోరు రాసే పని నాకు పడింది. మా గుంపులో నలుగురం. అందులో ద పాండ్స్ అనే మా పేటలో, మా వీధిలోనే ఉండే అంకుల్ ఒకరు, రిటైరైన ఇంజినీరు. ఆయన చూపు అప్పటికే బాగా తగ్గింది. ఇదే తన ఆఖరి పోటీ అని కారులో వస్తూ నాతో చెప్పారు.

స్కోరు లెక్క తేలికే. నడిమి వలయానికి ఆరు, బయటికి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటి తక్కువ. బాణం గీతను తాకితే పై అంకె ఇస్తారు. ఇద్దరు వేర్వేరు కార్డుల మీద రాస్తారు. రెండూ సరిపోయేదాకా బాణాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

చివరి టార్గెట్‌లో అంకుల్ బాణం ఐదు పాయింట్ల వలయం గీతకు వెంట్రుకవాసి బయట దిగింది. ఆయన వంగి చూశారు గానీ తేల్చుకోలేకపోయారు.

"లైన్ టచ్ అయిందామ్మా?"

"అయింది అంకుల్," అని ఐదు రాశాను.

రెండో కార్డు రాస్తున్న ఆస్ట్రేలియన్ పెద్దాయన దగ్గరికొచ్చి చూసి, "ఐ గాట్ ఫోర్, మేట్," అన్నాడు మెల్లగా.

అంకుల్‌కు అర్థమైంది.

"నా కళ్ళు ఎలాగూ పనిచెయ్యట్లేదు. నీ కళ్ళని నమ్మి అడిగానమ్మా. ఉన్నది రాయి, ప్లీజ్."

ఐదు కొట్టేసి నాలుగు రాశాను. సంతకం ఎక్కడ పెట్టాలో నన్నడిగి, ఆయన కార్డు మీద పెట్టారు. ఆ రోజు అందరికంటే తక్కువ స్కోరు ఆయనదే.

తిరుగు ప్రయాణంలో క్షమించమన్నాను. "నీ మనసు తెలుసులే," అన్నారు. ఇల్లు చేరేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.