కల్యాణి కొన్న కేస్ ట్రిమ్మర్

కరోనాకు ముందు సంవత్సరం, అరవవాళ్ల ఆడి నెలలో, అంటే జూలై ఆగస్టుల్లో, మా రైఫిల్ క్లబ్బు సెక్రటరీ నన్ను పిలిచి ఒక పని అప్పగించారు. మా షూటర్ కల్యాణికి ఇంట్లో వాడుకోవడానికి కేస్ ట్రిమ్మర్ కావాలి, అందుబాటు ధరలో మంచిది చూసి చెప్పమన్నారు. నేను పోలీసు ఆయుధాగారంలో హెడ్ కానిస్టేబుల్‌గా సర్వీసు ముగించుకుని ఆ క్లబ్బులో ఆర్మరర్‌గా చేరాను. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడు కాదు. అవి సరిగ్గా కాలేటట్టు చూసేవాడు. ఎదుటివాడు పతకం వేసుకుంటే వెనక నిలబడి చప్పట్లు కొట్టడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. నాకది ఎప్పుడూ పూర్తిగా అలవాటు కాలేదు.

పెద్ద రైఫిల్ పోటీల్లో కాల్చేవాళ్లలో కొందరికి, లైసెన్సు అధికారి రాతపూర్వక అనుమతి ఇస్తే, కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే వీలుంటుంది. ఆ గొట్టాన్ని మేము కేసు అంటాము. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగి, కేసు మెడ కొద్దిగా పెరుగుతుంది. హద్దు దాటి పెరిగితే మెడ అంచు రైఫిలు ఛాంబరులో ఇరుక్కుని కొసనున్న గుండును నొక్కి పట్టుకుంటుంది. అప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేము, కాల్చేవాళ్ల మొహం మాత్రం దాని పక్కనే ఉంటుంది. అందుకని పెరిగిన మెడను కోసి సరిచేయాలి. ఆ కోసే పనిముట్టే ట్రిమ్మర్.

కల్యాణి మా ఊళ్లోనే వైతికుప్పానికి దగ్గర్లో, అత్తగారింట్లో ఉండేది. కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆమె అత్త రంగనాయకమ్మ మా రెడ్ల బంధువర్గంలోని మనిషి, నన్ను అన్నా అనేది. ఆ వరసన కల్యాణి నన్ను మామా అనేది. మా కోచ్ దేవనాథ నాయుడిని మాత్రం సార్ అనేది.

ఈ నాయుడి గురించి చెప్పాలి. ఫ్రెంచి సైన్యంలో సార్జెంటుగా చేసి వచ్చిన మనిషి. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా ఊళ్లో అలాంటివాళ్లను సొల్దా అంటారు. పెన్షను ఫ్రాన్సు నుంచి వస్తుంది. ఇస్త్రీ నలగని చొక్కా, నెత్తిన టోపీ, సముద్రపు ఒడ్డున నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ ఫ్రెంచిలో అయ్యగారూ అన్నట్టు మిస్యే అంటూ నమస్కారం. నేనూ అదే ఒడ్డున నడిచేవాణ్ణి. నన్ను చూసి వేరుశెనక్కాయలు కావాలా అని అడిగేవాళ్లు. ఆయనను చూస్తే నాకు కడుపు మండేది, దాచడమెందుకు. అన్నిటికంటే ఆ ‘సార్’ అనే మాట నన్ను ఎక్కువ కాల్చేది. ఆమె రైఫిలు బోల్టు ఊడదీసి తుడిచింది నేను, ట్రిగ్గరు సరిచేసింది నేను. సార్ మాత్రం ఆయన.

ఆ ఏడాది జాతీయ పోటీలకు మా జట్టుతో సాంకేతిక సహాయకుడిగా ఒక్కరినే పంపుతామన్నారు. కోచ్ పోవచ్చు, ఆర్మరర్ పోవచ్చు. జట్టులో ముందున్న షూటర్ కల్యాణి గనుక ఆమె ఎవరి పేరు చెబితే వాళ్లే. సర్వీసంతా తుపాకులకు నూనె రాసినవాణ్ణి, జాతీయ పోటీల రేంజిలో జట్టు బ్యాడ్జీ తగిలించుకుని ఒక్కసారి నిలబడాలని నాకు ఉండేది. ట్రిమ్మరు సంగతి కల్యాణి కోచ్‌నూ అడిగిందట. అందులో నా మాట నెగ్గితే ఆ బ్యాడ్జీ నాదేనని మనసులో లెక్క వేసుకున్నాను.

నేను చెప్పింది చేత్తో తిప్పే చిన్న లేతు లాంటిది. కేసును ఒక చివర బిగించి, రెండో చివర నుంచి కట్టరు తిప్పాలి. కావలసిన పొడుగుకు మరతో అమర్చుకోవచ్చు, ఏ రైఫిలు కేసుకైనా పనికొస్తుంది. నాయుడు చెప్పింది అందులో మూడో వంతు ధర కూడా లేని వస్తువు. అమర్చుకునేందుకు ఏమీ ఉండదు. కట్టరు మధ్య నుంచి ఒక పిన్ను వస్తుంది. కేసు అడుగున ఉన్న రంధ్రంలోంచి ఆ పిన్ను దూరి, కింద బిగించిన ఇనుప గుండీకి తగలగానే కోత ఆగిపోతుంది. పిన్ను పొడుగే కేసు పొడుగు. ఒక్క రకం కేసుకే పనికొస్తుంది.

కల్యాణి రెండూ విని నాతో అంది: “మామా, మీరు చెప్పింది మంచిదే. కానీ నాకు ఉండేది ఒకే రైఫిలు గదా. సార్ చెప్పింది చాలు.”

సరే అన్నాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదా అని నా భార్య అడిగితే, బాగాలేనిది ఒళ్లు కాదు, కాలం అన్నాను.

ఆ ట్రిమ్మరు చక్కగానే పనిచేసింది. నేను క్లబ్బుకు వచ్చిన ఆమె కేసులను ఎవరూ అడగకుండానే వెర్నియరు కొలబద్ద పెట్టి కొలిచేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా దొరికినా చాలనుకున్నాను. దొరకలేదు.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో బొట్టు లేని ఇనుము ఉండదు. తేంగాయితిట్టు హార్బరులో పడవ ఇంజన్లకు, ఆటోలకు, ఇళ్లల్లో మిక్సీలకు కూడా చందనం, కుంకుమ పెడతారు. క్లబ్బులో తుపాకులకు నేనే పెట్టాను. అది జరిగిన కొద్ది రోజులకు కల్యాణి రేంజిలో తూటా పెట్టి బోల్టు మూస్తుంటే పట్టేసింది. తెలివిగల పిల్ల, అక్కడే ఆపేసి తూటా బయటికి తీసింది. ఇంటికి పోయి కొలిస్తే కొత్తగా కోసిన కేసులన్నీ హద్దు మీరి ఉన్నాయి. పైగా ఒకటి ఎక్కువ మీరింది, ఒకటి కాస్త తక్కువ. అమరికే లేని పనిముట్టులో ఇన్ని రకాల తేడాలు ఎలా వస్తాయో అర్థం కాలేదు.

ముందు నాయుడు వెళ్లి చూసి వచ్చాడు. కట్టరు, పిన్ను రెండూ కొలిచి, ఏమీ తెలియక, పనిముట్టును మార్చేద్దామని చెప్పి వచ్చాడట. ఆ కబురు వినగానే నాకు ఆ రోజు ఇడ్లీలు మరో రెండు ఎక్కువ దిగాయి. సాయంత్రం సోలై నగర్‌లోని మా ఇంటి నుంచి స్కూటరు మీద బయలుదేరాను. ఆయన ఎంపిక చెత్త అని నా నోటితో చెప్పడానికే పోయానని ఒప్పుకోవాలి.

నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే రంగనాయకమ్మ వంటింట్లోంచి కేకేసింది: “రా అన్నా, ఆడనే నిలబడినావేంది? లోపలికి రా, కాపీ తాగుదువు.”

వంటిల్లు దాటి, పూజ గది పక్కన సామాన్ల గది. బల్లకు బిగించిన వైసు దవడల మధ్య ట్రిమ్మరు గుండీ, దాని మీద కేసును పట్టుకునే హోల్డరు. నేను మొదట హోల్డరు మర తిప్పి ఊడదీశాను. ఆయుధాగారంలో నేర్చిన పద్ధతి అది. కొలిచే ముందు ఊడదీయాలి. గుండీ నడిమధ్య, సరిగ్గా పిన్ను వచ్చి తగిలే చోట, ఎండి గట్టిపడిన చందనం, దాని మీద కుంకుమ. ఆ మందం మేర పిన్ను ముందే ఆగిపోయి కేసులు పొడుగు మిగిలాయి. పిన్ను పొడిచి పొడిచి అంచులు రాలిపోయాయి. రాలినకొద్దీ కోత మారింది. అందుకే ఒక్కో కేసు ఒక్కో పొడుగు.

“దీనికి బొట్టు పెట్టింది ఎవురమ్మా?” అని అడిగాను.

“నేనే అన్నా. కొత్త సామాను, మొదటి పూజ. అమ్మాయి అన్నీ విప్పి కడిగి పెట్టింది, నేను వరసగా పెట్టుకుంటా పోతిని. ఏంది, పెట్టకూడదా?”

గుండ్రటి ముఖం కనిపిస్తే నడిమధ్య బొట్టు పెట్టడం మన చేతులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మర్నాడు కల్యాణి పైకి కనిపించిన బొట్లన్నీ తుడిచింది. వైసులో ఉన్న ఈ చిన్న గుండీని చూసుకోకుండా దాని మీద హోల్డరు బిగించేసింది.

కల్యాణి ఇంకా కాలేజీ నుంచి రాలేదు. రంగనాయకమ్మ కాపీ కలపడానికి వెళ్లింది. గోటితో గీరితే ఆ చందనం పోతుంది, సంగతి నాకొక్కడికే తెలుస్తుంది. పనిముట్టే బాగాలేదు, నేను చెప్పిన లేతు కొనమ్మా అంటే సరిపోతుంది. బ్యాడ్జీ నా చొక్కా మీదకు వచ్చినట్టే. అలా అనుకుంటూ కాపీ వచ్చేదాకా ఆ గుండీని చూస్తూ నిలబడ్డాను. గీరలేదు. వచ్చే ఏడు కొత్త లేతుకూ ఈమె ఇలాగే బొట్టు పెడుతుంది, అప్పుడు ఆ పిల్ల ఆపకుండా బోల్టు మూసేస్తే? కల్యాణి వచ్చాక గుండీని అలాగే చూపించాను. సార్ ఎంపికలో లోపమేమీ లేదని కూడా నేనే చెప్పవలసి వచ్చింది.

జాతీయ పోటీలకు ఆమె నాయుడి పేరే రాసి ఇచ్చింది. నన్ను అడిగితే, అంత మంచి పనిముట్టు చెప్పిన సార్‌ను కాదనడం ఎలా మామా అంది. మామకు సర్దిచెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

జట్టు బయలుదేరే రోజు నాయుడు క్లబ్బులో నా దగ్గరకు వచ్చాడు. బ్యాడ్జీ అప్పుడే తగిలించుకున్నాడు. మెచ్చుకోవడానికి వచ్చాడనుకుని మొహం తిప్పుకోబోయాను.

“కుప్పుసామీ, ఆ గుండీ నీకెట్ల కనబడింది?” అన్నాడు.

“వైసులో ఉండె. ఊడదీసి చూస్తిని” అన్నాను.

“నన్ను హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టినారు. ఫ్యాను పెట్టినారు. కట్టరు, పిన్ను తట్టలో పెట్టి తెచ్చి చూపించినారు. బిగించింది యాడ, చూడాల అంటే, లోపల అంతా సామాన్లు సార్, మీరెందుకు అన్నారు.” టోపీ తీసి చేతిలో పట్టుకుని అన్నాడు: “ఇన్నేండ్లలో ఆ ఇంటి వంటిల్లు నేను చూసింది లేదు. నువ్వు చెప్పులు విడిస్తే చాలు, కాపీ పొయ్యి మీదికి పోతుంది. నిన్ను చూస్తే నాకు రొంబ వయిత్తెరిచ్చల్‌పా.”

అరవంలో రొంబ వయిత్తెరిచ్చల్ అంటే చాలా కడుపుమంట. ఫ్రెంచి సైన్యంలో చేసినవాడికి నన్ను చూసి కడుపుమంట.

ఆ తర్వాత నేను క్లబ్బు పని నుంచి కూడా రిటైరయ్యేదాకా ఎవరు ట్రిమ్మరు గురించి అడిగినా ఒకటే చెప్పాను. ఒకే రైఫిలు ఉంటే పిన్ను రకం చాలు, ఎక్కువ పెట్టనక్కరలేదు. పూజ అయ్యాక గుండీ ఊడదీసి తుడవాలి. తేడా వస్తే కేసులను బయటికి తెప్పించుకుని చూడకూడదు, పనిముట్టు ఉన్న గదిలోకి పోయి చూడాలి. పోనివ్వకపోతే ఆ తేడా దొరకదు. పొరుగింటి పుల్లకూర సంగతి ఇద్దరం తెలుసుకున్నాము గానీ, కల్యాణి ఇప్పటికీ నన్ను మామా అనే పిలుస్తుంది. ఆ పిలుపుకు పలుకుతాను, లోపలికి పోయి కాపీ తాగుతాను. ఒక్కసారి సార్ అంటే బాగుండునని ఇప్పటికీ ఉంది.